ఇంట్లో ఉంటూనే కప్పు గోకిస్తున్నారా? దుమ్ముతో జాగ్రత్త

నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చి, ముంబయి కట్టడాలకు రాళ్లూ సున్నమూ మోసిన కామాటీల పేరే మన కామాటిపురకు వచ్చింది. వాళ్లు పీల్చిన దుమ్ముకు లెక్కలేదు. నేడు అదే దుమ్ము మన ఖోలీల్లోకి వస్తున్నది.

వానాకాలం వెళ్లగానే చాళ్లలో మరమ్మతులు మొదలవుతాయి. తడిసిన కప్పుకున్న పాత సున్నం, గిలాబు గోకి కొత్తగా వేయాలి. వేరే గది ఉన్నవారికి ఇబ్బంది లేదు. మనకు వంట, చదువు, పడక అన్నీ ఒకే ఖోలీలో.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా మిస్త్రీ పొడి కప్పునే గోకాడు. అమ్మ ఫ్యాను వేసి, చీపురుతో ఊడ్చింది. ఆ రాత్రి చెల్లెలికి ఆయాసం ఎక్కువై ఆస్పత్రికి పరుగెత్తాము. సివిల్ డిప్లొమా చదివాకే కారణం తెలిసింది.

కంటికి కనిపించే దుమ్ము త్వరగా కింద పడుతుంది. హాని చేసేది కనిపించనిది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లకన్నా సన్నని ధూళి గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. సిమెంటు గిలాబులోని ఇసుకలో సిలికా ఉంటుంది. దాని ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ప్రకటించింది. చీపురు, ఫ్యాను ఈ ధూళిని మళ్లీ లేపుతాయి. అందుచేత దుమ్ము పుట్టే చోటే నీటితో అణచాలి.

పాటించవలసినవి:

1. ముందుగా మెయిన్ స్విచ్ ఆపండి. పిల్లలను, వృద్ధులను, ఆయాసం ఉన్నవారిని పక్కింటికి పంపండి.

2. బియ్యం, నీళ్లు, పుస్తకాలు బయట పెట్టండి. కదలని సామానుకు, నేలకు ప్లాస్టిక్ కప్పండి. గ్యాలరీ వైపు తలుపుకు తడి దుప్పటి కట్టండి.

3. స్ప్రే సీసాతో కప్పును కొద్దికొద్దిగా తడిపి, పదిహేను నిమిషాలు నాననిచ్చి గోకించండి. ఆరితే మళ్లీ తడపాలి.

4. మిస్త్రీకి ఎన్95 మాస్కు ఇవ్వండి. చేతిరుమాలు ఈ ధూళిని ఆపలేదు.

5. చెత్తను తడిగానే సంచిలో కట్టండి. ఊడ్చవద్దు, తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి.

పాత ఆయిల్ పెయింటులో సీసం ఉండవచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నియమం 2017 నవంబరులోనే అమలైంది. అటువంటి రంగును పొడిగా రుద్దవద్దు, కాల్చవద్దు. గట్టిగా ఉంటే దానిపైనే కొత్త రంగు వేయించండి. కప్పులో ఇనుప చువ్వలు బయటపడినా, తడితే బోలుగా మోగినా గోకడం ఆపి, మ్హాడా మరమ్మతుల బోర్డుకు తెలియజేయండి.

తరువాత మా కప్పు మళ్లీ గోకించినప్పుడు ఈ విధంగానే చేశాము. చెల్లెలు పక్కింట్లో చదువుకొని, రాత్రి మా ఖోలీలోనే దగ్గు లేకుండా నిద్రపోయింది. విద్యార్థులారా, పనికి ముందు రోజే ఈ విషయాలు మీ అమ్మానాన్నలకు, మిస్త్రీకి చదివి వినిపించండి.