పది రూపాయల ‘అవును’: మ్యాచ్ ధర ఏం చెబుతుంది?

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్ నుంచి ఖిదిర్‌పూర్ మీదుగా ఉత్తరానికి వెళ్తే రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్ రేస్‌కోర్స్ వస్తుంది. అక్కడ గుర్రం మీద పందెం కాయొచ్చు. ఇంకాస్త ముందుకెళ్తే మైదాన్‌లో మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ ఉంటుంది. దాని మ్యాచ్ మీద కాస్తే మాత్రం చట్టం ఒప్పుకోదు. గుర్రప్పందేల్లో నైపుణ్యానిదే పైచేయి అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది.

రేస్‌కోర్స్‌లోని టోట్ పద్ధతిలో డబ్బంతా ఒకే కుప్పలో పడుతుంది. ఒక గుర్రం మీద ఎంత ఎక్కువ కాస్తే, అది గెలిచినప్పుడు రూపాయికి అంత తక్కువ వస్తుంది. ప్రిడిక్షన్ మార్కెట్ దీనికి దగ్గరి చుట్టమే కానీ, ఇక్కడ కొన్న ధర కొన్నట్టే ఉంటుంది, మధ్యలో అమ్ముకోవచ్చు కూడా.

‘మొహమ్మడన్ గెలుస్తుందా?’ అనే ప్రశ్న ఉందనుకుందాం. ‘అవును’ ధర మూడున్నర రూపాయలు, ‘కాదు’ ధర ఆరున్నర. జవాబు నిజమైనవాడికి పది వస్తాయి, రెండోవాడికి సున్నా. అంటే మార్కెట్ లెక్కలో గెలిచే అవకాశం సుమారు 35 శాతం. మ్యాచ్‌కు ముందు జట్టు జాబితా వచ్చి, అందులో ప్రధాన స్ట్రైకర్ పేరు లేకపోతే ‘అవును’ ఉన్నవాళ్లు అమ్మేస్తారు, ధర పడుతుంది. కొత్తవాళ్లు పొరబడేది ఒకచోట: ‘కాదు’లో ఓటమితో పాటు డ్రా కూడా ఉంది. ఆరున్నర చూసి అవతలి జట్టు గెలుపు ఖాయమనుకోకూడదు.

మరి అభిమానం సంగతి? మొహమ్మడన్ 1934 నుంచి 1938 వరకు వరుసగా ఐదుసార్లు కలకత్తా లీగ్ గెలిచింది. 2024-25 ఐఎస్ఎల్‌లో మాత్రం అట్టడుగున నిలిచింది. పాత వైభవం మనసులో పెట్టుకుని అభిమానులే కొంటూపోతే ధర పెరుగుతుంది, అవకాశం పెరగదు. అవతల నిలబడి చల్లగా అమ్మేవాళ్లు తగినంత మంది ఉంటేనే అది సర్దుకుంటుంది. కొద్దిమందే ఆడే మార్కెట్‌లో వాళ్లు దొరకరు. అందుకే ధర కంటే ముందు, దాని వెనుక ఎంత డబ్బుందో చూడాలంటాను.

2022 నవంబర్ 22న, 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని అర్జెంటీనా సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడింది. 10వ నిమిషంలో మెస్సీ పెనాల్టీ కొట్టాడు. 48, 53 నిమిషాల్లో సౌదీ రెండు గోల్స్ చేసింది. అంచనాలు తప్పాయని అందరూ అన్నారు. కానీ 90 శాతం అన్నమాటకు అర్థం, అలాంటి పది మ్యాచ్‌ల్లో ఒకటి చేజారుతుందనే. ఒక్క ఫలితంతో మార్కెట్‌ను తిట్టలేం, మెచ్చుకోనూ లేం; 90 పలికిన వందల మ్యాచ్‌లను కలిపి చూడాలి.

ఇక జేబు లెక్క. మూడున్నర సరైన ధరే అయితే, వంద మ్యాచ్‌ల్లో 350 పెట్టినవాడికి సగటున తిరిగొచ్చేదీ 350. అందులోంచి యాప్ కమీషన్ పోతుంది. మిగిలేది నష్టమే.

ఇలాంటి ‘ఒపీనియన్ ట్రేడింగ్’ నడిపిన ప్రోబో వంటి యాప్‌లు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం రాగానే డబ్బు ఆటలు ఆపేశాయి. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించుకున్నాయి. కేంద్ర చట్టం కింద ఆట నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ప్రకటనలిచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షలు. ఆడేవారికి ఈ చట్టంలో శిక్ష లేదు.