పలకలు తర్వాత, ముందు గోడ

ఇంటి వెనక తలుపు తీసి కాలు బయటపెడితే తగిలే చెక్క వేదికను డల్లాస్‌లోనైనా న్యూజెర్సీలోనైనా మనవాళ్లు డెక్ అనే అంటున్నారు. ముందు గుమ్మం దగ్గర కప్పుతో ఉంటే అది పోర్చ్. ఊళ్లో వసారా చేసే పనే అక్కడ అది చేస్తుంది: సాయంత్రం టీ, పిల్లల ఆటలు, గృహప్రవేశం నాడు భోజనాల బంతి. ఏళ్ల తరబడి వానకూ మంచుకూ తడిసిన చెక్క ఒకరోజు కాలి కింద మెత్తగా దిగుతుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని దుకాణానికెళ్లి కొత్త పలకలు తేవడం. కుళ్లిన పోర్చ్‌ను సొంత చేతులతో మార్చుకోవచ్చు, మార్చుకోవడమే మేలు. అయితే పని పలకలతో మొదలుపెడితే ప్రమాదాన్ని కొత్త చెక్కతో కప్పిపెట్టినట్టే. పోర్చ్ ఇంటి గోడను పట్టుకునే చోట మొదలుపెట్టాలి.

ఆ చోట గోడ పొడవునా బిగించిన మందపాటి చెక్కను లెడ్జర్ బోర్డు అంటారు. నేల పలకలను మోసే జాయిస్టుల ఒక కొన దీనిమీద, రెండో కొన బయటి దూలం మీద ఆనతాయి. అమెరికన్ వుడ్ కౌన్సిల్ ఉచితంగా ఇచ్చే డెక్ నిర్మాణ మార్గదర్శి ఒకటుంది, డీసీఏ 6 అని దాని పేరు. ఈ కథనం కోసం తిరగేసిన కాగితాలన్నిటిలోనూ అందులోని ఒక్క పట్టికే ఎక్కువ మాట్లాడింది. లెడ్జర్‌ను గోడకు బిగించే స్క్రూలు ఎంతెంత దూరంలో ఉండాలో చెప్పే పట్టిక అది. జాయిస్టు పొడవు 6 అడుగుల లోపైతే అర అంగుళం మందమున్న లాగ్ స్క్రూలు 30 అంగుళాలకొకటి చాలు. 8 అడుగులైతే 23 అంగుళాలకు, 10 అయితే 18కి, 12 అయితే 15కి, 16 అయితే 11కి ఒకటి ఉండాలి. పోర్చ్ గోడనుంచి ఎంత దూరం సాగితే స్క్రూలు అంత దగ్గరపడతాయి. ఎందుకో లెక్క కడదాం. చదరపు అడుగుకు 40 పౌన్ల మనుషుల బరువు, 10 పౌన్ల సొంత బరువు మోయాలన్నది ఆ పత్రం పెట్టుకున్న ప్రమాణం. 12 అడుగులకు 12 అడుగుల పోర్చ్ అంటే 144 చదరపు అడుగులు, మొత్తం 7,200 పౌన్లు, మన లెక్కలో 3,260 కిలోల పైచిలుకు. అందులో సగం, దాదాపు 1,630 కిలోలు, గోడకున్న ఆ ఒక్క పట్టీ మీదే పడుతుంది. 15 అంగుళాల దూరంలో ఉన్న పది స్క్రూలు దాన్ని పంచుకుంటే ఒక్కొక్కదాని వాటా 160 కిలోల పైమాటే. గోడకు ఇవతలినుంచి అవతలికి దూసుకెళ్లి వాషరు, నట్టు పడే బోల్టులైతే 29 అంగుళాలకొకటి సరిపోతుంది. వర్జీనియా టెక్, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయాల్లో చేసిన పరీక్షలు ఈ అంకెలకు ఆధారం. ఉత్త మేకులకు ఈ చోట తావే లేదు. దిగ్గొట్టినంత తేలిగ్గా మేకు ఊడివస్తుంది కాబట్టి.

ఇంత బరువు మోసే పట్టీ వెనకే నీళ్లు చేరతాయి. గోడకూ పట్టీకీ మధ్య చిక్కిన తడికి ఎండా తగలదు, గాలీ తగలదు. చెక్కను తినే శిలీంధ్రానికి కావలసింది అదే. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే అది పెరగలేదు, 30 దాటితే ఆపలేం. అమెరికాలో దీన్ని ‘డ్రై రాట్’ అనడం వల్ల పొడి చెక్క కూడా కుళ్లుతుందన్న అపోహ ఉంది. తడి లేకుండా కుళ్లు లేదు. మన వడ్రంగి గుమ్మానికి చెక్క ఎంచేటప్పుడు చేవ చూస్తాడు, చేవ పట్టిన టేకు తనను తానే కాచుకుంటుంది. అక్కడి దుకాణాల్లో పోర్చ్‌లకు ఎక్కువగా దొరికే దక్షిణాది పైన్ త్వరగా ఎదిగిన చెట్టు, చేవ తక్కువ. ఆ లోటు తీర్చడానికే ఒత్తిడితో దానిలోకి రాగి మందు ఎక్కిస్తారు. మందు లోపలిదాకా చేరకపోవచ్చు, అందుకే కోసిన ప్రతి కొసకూ కాపర్ నాఫ్తనేట్ పూయాలి. ఆ రాగే మామూలు ఇనుమునూ అల్యూమినియం రేకునూ తినేస్తుంది. కాబట్టి స్క్రూలూ బోల్టులూ జింకులో ముంచి తీసినవో స్టెయిన్‌లెస్ స్టీలువో వాడాలి. ఇక లెడ్జర్ నెత్తిన, గోడ పైతొడుగైన సైడింగ్ కిందినుంచి మొదలై బయటికి వంగే నీటిరేకు తప్పనిసరి. మొత్తం పనిలో చవకైన వస్తువుల్లో ఒకటి, పోర్చ్ ఆయుష్షు మాత్రం దానిమీదే ఆధారపడి ఉంది.

కొంచెం చరిత్ర. ఆర్సెనిక్ కలిసిన పాత మందు సీసీఏను ఇళ్లకు వాడే చెక్కలో 2003 చివరితో ఆపేశారు. పాత పోర్చ్ విప్పితే ఆ చెక్కను తగలబెట్టకూడదు, బూడిదలో విషం మిగులుతుంది. అదే ఏడాది జూన్ 29న షికాగోలో ఓ మూడంతస్తుల ఇంటి వెనక చెక్క పోర్చ్ కూలి 13 మంది చనిపోయారు, 57 మంది గాయపడ్డారు. అది అనుమతి లేకుండా కట్టినదని నగర అధికారులు చెప్పారు.

అభ్యంతరాలు లేకపోలేదు. ఇరవై ఏళ్లు నిలబడింది కదా, మేకులు చాలవా అంటారు. ఆ ఇరవై ఏళ్లలో ఆ పోర్చ్ మీద ఒకేసారి యాభై మంది నిలబడ్డారా అన్నది అసలు ప్రశ్న. మామూలు రోజున ఇద్దరు కూర్చునే చోటికి పుట్టినరోజు నాడు అందరూ కేకు దగ్గరికి ఒక్కసారిగా చేరతారు. పర్మిట్ దండగ, ఆలస్యం అనే మాటా ఉంది. స్తంభాల పునాది, అంటే ఫుటింగ్, గుంతలో కాంక్రీటు పోయకముందు, లెడ్జర్ మీద పలకలు పరవకముందు అనుభవమున్న మరో జత కళ్లు వచ్చి చూసే ఏర్పాటు అది. సొంతంగా చేసేవాళ్లకే దాని అవసరం ఎక్కువ.

గట్టి అభ్యంతరం ఇంకొకటి: ఇంత ప్రమాదముంటే పనివాళ్లకే వదిలేయొచ్చు కదా! కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 2007లో కట్టిన అపార్ట్‌మెంట్‌ను కట్టింది వృత్తి నిపుణులే. ఎనిమిదేళ్లకే, 2015 జూన్ 16న, అందులో ఒక బాల్కనీ విరిగి ఆరుగురు చనిపోయారు, ఏడుగురు గాయపడ్డారు. లోపల చిక్కిన నీటితో దూలాలు కుళ్లిపోయిన సంగతి పైకి కనిపించలేదు. ఆ తర్వాత 2018లో కాలిఫోర్నియా చట్టం చేసింది: మూడు, అంతకుమించి వాటాలున్న భవనాల్లో ఇలాంటి నిర్మాణాలను ఆరేళ్లకోసారి పరీక్షించాలి. ఒంటి ఇళ్లకు అది వర్తించదు. అక్కడ పరీక్షించాల్సింది ఇంట్లో ఉండేవాళ్లే. ఏ స్క్రూ ఎక్కడుందో, నీటిరేకు ఎక్కడ మొదలైందో తన చేత్తో పెట్టినవారికే తెలుసు. సొంత పని మేలనడానికి నాకు కనిపించే బలమైన కారణం కూలి డబ్బుల ఆదా కంటే ఇదే.

హద్దులు మాత్రం ఒప్పుకోవాలి. టెక్సాస్ ఇళ్ల ముందు కనిపించే ఇటుక చాలాచోట్ల పై తొడుగే, బరువు మోయదు. దానికి లెడ్జర్ బిగించడాన్ని డీసీఏ 6 నిషేధించింది. అలాంటి ఇంటికి నాలుగువైపులా తన స్తంభాల మీదే నిలబడే పోర్చ్ కట్టుకోవాలి. పోర్చ్ స్తంభాలు పైకప్పును మోస్తుంటే వాటి జోలికి నిపుణుడు లేకుండా వెళ్లకూడదు, మేడమీది డెక్ సంగతీ అంతే.

గునపం పట్టేముందు

తవ్వేముందు 811కు ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు గుర్తుపెట్టి వెళ్తారు. నేలనుంచి ఎత్తు 30 అంగుళాలు దాటితే 36 అంగుళాల రైలింగ్ కావాలి, దాని సందుల్లో 4 అంగుళాల బంతి దూరకూడదు. ఫుటింగ్ ఆ ఊళ్లో మంచుకు నేల గడ్డకట్టే లోతు కంటే కిందికి వెళ్లాలి. దూలాన్ని స్తంభం పక్కన బోల్టులతో వేలాడదీయకుండా నెత్తిన కూర్చోబెట్టాలి. 1978కి ముందు కట్టిన ఇల్లైతే పాత రంగులో సీసం ఉందేమో చూసుకోవాలి. స్థానిక నిబంధనలు ఊరూరికీ మారతాయి, అంకెలన్నీ అక్కడి కార్యాలయంలో సరిచూసుకోవాలి.

పలకల వంతు వచ్చేది ఇవన్నీ అయ్యాకే. గోడ పక్కనుండే మొదటి పలకను మేకులతో కాక స్క్రూలతో బిగిస్తే, ఏటా వసంతంలో దాన్ని విప్పి, టార్చిలైటు వేసి లెడ్జర్‌ను స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడొచ్చు. మొన దిగకపోతే పలకను మళ్లీ బిగించేయడమే.