వేడి, ఉష్ణోగ్రత, కంప్యూటర్: మార్సియా లిన్ పరిశోధన

ముందుగా మీకొక ప్రశ్న. చల్లని పానీయం ఉన్న డబ్బా మధ్యాహ్నం దాకా చల్లగానే ఉండాలంటే దాన్ని దేనిలో చుట్టాలి? అల్యూమినియం రేకులోనా, ఉన్ని గుడ్డలోనా? మీ జవాబును, దానికి కారణాన్ని ఒక కాగితంమీద రాసుకుని ముందుకు చదవండి.

1980లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లల్ని ఇలాంటి ప్రశ్న అడిగినప్పుడు చాలామంది అల్యూమినియం రేకు అన్నారు. ఉన్ని స్వెటరు ఒంటిని వెచ్చగా ఉంచుతుంది కాబట్టి డబ్బాను కూడా వేడెక్కిస్తుందని వాళ్ళ వాదన. లోహాన్ని ముట్టుకుంటే చల్లగా ఉంటుంది కాబట్టి అది చల్లదనాన్ని నిలిపి ఉంచుతుందని ఇంకో వాదన. రెండూ స్వానుభవం నుంచి పుట్టిన వాదనలే. అందుకే పుస్తకంలోని ఒక్క నిర్వచనంతో అవి తొలగిపోవు. ఉష్ణం, ఉష్ణోగ్రత వేరువేరని పరీక్షలో సరిగా రాసిన విద్యార్థే డబ్బాకు రేకు చుట్టడం ఆశ్చర్యం కాదు.

పరీక్షలో రాసే జవాబుకూ, నిజంగా నమ్మే జవాబుకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని తగ్గించడానికి దశాబ్దాలపాటు పనిచేసిన పరిశోధకురాలు మార్సియా లిన్. కంప్యూటర్ తరగతిలోకి వచ్చాక కూడా పిల్లల ఆలోచన మారనప్పుడు ఆమె బృందం ఏం చేసిందన్నది ఈ పాఠంలో మీరు ముఖ్యంగా గమనించాలి.

నేపథ్యం

లిన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే 1970లో విద్యా మనోవిజ్ఞానశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అంతకుముందు కొంతకాలం జెనీవాలో పియాజే వద్ద పనిచేశారు. ఆ తరవాత ఆమె ఉద్యోగ జీవితమంతా బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో ముడిపడి ఉంది.

పియాజే ప్రకారం అమూర్త ప్రచాలక దశ సుమారు 11, 12 ఏళ్ళ వయసులో మొదలవుతుందని మీరు చదివే ఉంటారు. మధ్య తరగతుల పిల్లలు సరిగ్గా ఆ గడపమీద ఉంటారు. ఒక ప్రయోగంలో ఒక్క చరరాశినే మార్చి, మిగిలినవాటిని స్థిరంగా ఉంచాలన్న ఆలోచన పిల్లలకు ఎప్పుడు, ఎలా వస్తుందన్నది లిన్ తొలినాటి పరిశోధన అంశాల్లో ఒకటి. అందులో తేలిన విషయం ఆసక్తికరమైనది. తర్కశక్తి వయసునుబట్టి మాత్రమే రాదు. ఆ విషయం గురించి పిల్లలకు ముందే ఏం తెలుసు, ఏది ముఖ్యమని అనుకుంటున్నారు అన్నదానిమీద కూడా వాళ్ళ తర్కం ఆధారపడుతుంది. దశ వచ్చేదాకా వేచి ఉండటం కన్నా పిల్లల మనసులో ఇప్పటికే ఏముందో తెలుసుకోవడం ఉపాధ్యాయుడికి ఎక్కువ అవసరమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇదే కాలంలో ఆమె మరో పని కూడా చేశారు. బాలబాలికల సామర్థ్యాల్లో తేడాలమీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను గణాంక పద్ధతిలో కలిపి పరిశీలించారు. ప్రాదేశిక సామర్థ్యంపై ఆనె పీటర్సన్‌తో కలిసి 1985లో, భాషా సామర్థ్యంపై జానెట్ హైడ్‌తో కలిసి 1988లో ప్రచురించారు. భాషా సామర్థ్యంలో తేడా దాదాపు లేదనే చెప్పవచ్చు. ప్రాదేశిక సామర్థ్యంలోనూ, ఒక వస్తువును మనసులో తిప్పి చూడటం వంటి కొన్ని పనుల్లోనే చెప్పుకోదగ్గ తేడా కనిపించింది. కంప్యూటర్ మగపిల్లల వస్తువన్న నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

తరగతి గదిలో కంప్యూటర్

ఉష్ణోగ్రతను గ్రహించే ప్రోబ్‌ను కంప్యూటర్‌కు కలిపి, కొలతను అప్పటికప్పుడే గ్రాఫ్‌గా తెరమీద చూపించే పద్ధతిని మసాచుసెట్స్‌లో రాబర్ట్ టింకర్ బృందం అభివృద్ధి చేసింది. 1980ల మధ్యలో లిన్ బృందం దీన్ని బర్క్లీకి దగ్గరలోని ఒక పాఠశాలలో, ఎనిమిదో తరగతి భౌతికశాస్త్ర పాఠంలో ప్రవేశపెట్టింది. ఆపిల్ టూ రకం కంప్యూటర్లు వాడారు. ఆ పథకం పేరు 'కంప్యూటర్ యాజ్ లెర్నింగ్ పార్ట్‌నర్'. అంటే కంప్యూటర్ ఇక్కడ గురువు కాదు, చదువులో తోడు.

ఆ తోడువల్ల కలిగే లాభం ఏమిటి? మామూలు ప్రయోగశాలలో ఒక విద్యార్థి థర్మామీటరు చూసి అంకె చెబుతాడు, ఇంకొకడు రాసుకుంటాడు, గంట అయ్యాక ఇంటికి వెళ్ళి గ్రాఫ్ గీస్తాడు. నీళ్ళు చల్లారిన సంగతికీ, గీత వంగిన సంగతికీ మధ్య ఒక రాత్రి గడిచిపోతుంది. ప్రోబ్ ఉన్నప్పుడు కళ్ళెదుట నీళ్ళు చల్లారుతుంటే గీత కూడా దిగుతూ ఉంటుంది. చలనాన్ని గ్రాఫ్‌గా చూపే ఇలాంటి పద్ధతిపై హెదర్ బ్రాసెల్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో, గ్రాఫ్ కొద్ది సెకన్లు ఆలస్యంగా కనిపించినా లాభం చాలావరకు పోయిందని తేలింది.

అయినా గ్రాఫ్ చదవడం వచ్చినంతమాత్రాన ఉన్ని, రేకు విషయంలో పిల్లల నమ్మకం మారలేదు. తెరమీది గీతను చక్కగా వివరించిన పిల్లలే, ఇంటి విషయం వచ్చేసరికి పాత జవాబుకు తిరిగి వెళ్ళేవారు. అందుకే ఆ బృందం ఒకే పాఠశాలలో, ఒకే ఉపాధ్యాయుడితో కలిసి, ఆ ఒక్క పాఠాన్నే ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ తిరగరాసింది. ప్రయోగానికి ముందు ప్రతి విద్యార్థీ తన అంచనాను రాయాలి. ప్రయోగం అయ్యాక అంచనాతో పోల్చి కారణం చెప్పాలి. తోటివారి కారణాలు వినాలి. చివరికి తనకంటూ ఒక సూత్రాన్ని సొంత మాటల్లో రాయాలి. వివిధ పదార్థాల గుండా ఉష్ణం ఎంత వేగంగా ప్రవహిస్తుందో పక్కపక్కన చూపే అనుకరణ కార్యక్రమం కూడా తయారుచేశారు. ప్రవాహం చాలా వేగంగా ఉంటే కొలిచే అవకాశం లేదు, చాలా నెమ్మదిగా ఉంటే తరగతి అయిపోతుంది. ఆ లోటును అనుకరణ తీర్చింది.

ఈ మార్పులన్నిటిలో ఎక్కువ వివాదానికి దారితీసింది వేరొకటి. పాఠ్యపుస్తకాలు ఉష్ణాన్ని అణువుల చలనంగా వివరిస్తాయి. అది శాస్త్రీయంగా సరైనదే. కాని 'అణువులు వేగంగా కదులుతాయి' అని అప్పజెప్పిన పిల్లలకు డబ్బాను దేనిలో చుట్టాలో ఆ వాక్యం చెప్పదు. అందుకని లిన్ బృందం ఉష్ణ ప్రవాహ నమూనాను ఎంచుకుంది: వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకు ఉష్ణం ప్రవహిస్తుంది, లోహంలో వేగంగా, ఉన్నిలో నెమ్మదిగా. శాస్త్రవేత్తల్లో కొందరు దీన్ని వ్యతిరేకించారు. ఉష్ణం ఒక ద్రవం వంటిదనే పద్దెనిమిదో శతాబ్దపు కెలోరిక్ సిద్ధాంతాన్ని వెనక్కి తెస్తున్నారన్నది వాళ్ళ అభ్యంతరం. ఆ అభ్యంతరంలో బలం ఉంది. అయినా పదమూడేళ్ళ పిల్లవాడికి అక్కరకు రాని పూర్తి సత్యం కన్నా, అతడు వాడుకోగలిగి, పై తరగతుల్లో అణు నమూనాకు మెట్టుగా నిలిచే నమూనాయే మేలన్న లిన్ నిర్ణయం సరైనదనిపిస్తుంది. ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్ళేవారు ఈ వాదనను రెండు వైపుల నుంచీ ఆలోచించాలి. ఈ పథకం అనుభవాలను లిన్, షెర్రీ సీ కలిసి 2000లో పుస్తకంగా వెలువరించారు.

తరవాతి దశ

ఈ అనుభవం నుంచే లిన్ 'జ్ఞాన సమన్వయం' అనే దృక్పథాన్ని రూపొందించారు. పిల్లల ఆలోచనలను బయటికి రప్పించడం, కొత్త ఆలోచనలను చేర్చడం, ఆధారాలనుబట్టి వాటిలో మంచిచెడ్డలు తేల్చుకోనివ్వడం, చివరికి అన్నిటినీ పొందికగా కూర్చుకోనివ్వడం ఇందులోని ప్రక్రియలు. పాత ఆలోచనను తుడిచేసి కొత్తది నింపడం ఇందులో లేదు. స్వెటరు వెచ్చగా ఉంచుతుందన్నది నిజమే కదా. ఒంటి నుంచి ఉష్ణం బయటికి పోకుండా ఆపే ఉన్నే, బయటి ఉష్ణం డబ్బాలోకి రాకుండా కూడా ఆపుతుందని పిల్లవాడు తానుగా కలుపుకోవాలి.

1990లలో ఇంటర్నెట్ వచ్చాక ఇదే పద్ధతిని వెబ్‌లోకి తెచ్చిన వేదిక వైజ్. దీన్ని ఉపాధ్యాయులు ఉచితంగా వాడుకోవచ్చు. విద్యార్థి రాసిన వివరణను కంప్యూటర్ విశ్లేషించి, జవాబు చెప్పకుండా, మళ్ళీ ఏ మెట్టు దగ్గరికి వెళ్ళి చూడాలో సూచించే ఏర్పాటు కూడా తరవాత జరిగింది. ఈ పనిని వివరించే వ్యాసం 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చింది.

అభ్యాసం

ఐసు అమ్మేవాళ్ళు ఐసు దిమ్మను గోనెపట్టాలో చుట్టి, రంపపు పొట్టులో ఉంచడం మీరు చూసే ఉంటారు. అదే గోనెపట్టాను వేడి అన్నం గిన్నెకు చుడితే ఏమవుతుంది? మొదట మీ అంచనాను రాయండి. తరవాత ఉష్ణ ప్రవాహ నమూనాతో కారణం రాయండి. పాఠం మొదట్లో కాగితంమీద రాసుకున్న జవాబును దీని పక్కన పెట్టి, రెండిటికీ ఒకే కారణం సరిపోతుందో లేదో చూడండి.