బోరు మోటారు స్టార్టరు చెడినపుడు పరీక్షించు విధము

దాళ్వా వరి పొట్టమీద నున్న దినములలో బోరు మోటారు నిలిచిపోయినచో రైతు మొట్టమొదట మోటారునే శంకించును. మనుష్యులను గూర్చి, సామాను తెప్పించి, పైపులన్నియు నొక్కటొక్కటిగా వెలికిదీసిన పిమ్మట మోటారు నిక్షేపముగా నున్నదనియు, లోపమంతయు గట్టుమీది స్టార్టరు డబ్బాలోనే యున్నదనియు పలుమారులు తెలియవచ్చుచున్నది. కూలి దండుగ; రెండు దినముల తడియు దండుగ. కావున మోటారును పైకి లాగుటకు ముందు స్టార్టరును క్రమముగా పరీక్షించు విధమును సభ్యుల యుపయోగార్థ మిందు వివరించుచున్నాము.

ముందుగా నొక హెచ్చరిక. డబ్బా మూత తీయుటకు పూర్వము మెయిన్ స్విచ్చిని దించి, ఫ్యూజులను ఊడదీసి యొడిలో నుంచుకొనవలయును. తడికాళ్లతో, తడిచేతులతో డబ్బా దగ్గరకు పోరాదు. కరెంటు ఉండగా చేయవలసిన పరీక్షలు తెలిసిన యెలక్ట్రీషియను చేయదగినవేగాని, రైతు తాను చేయదగినవి కావు. ఏమి చేయించవలెనో, ఎట్టి ప్రశ్న లడుగవలెనో రైతు ఎఱిగియుండుట మాత్ర మత్యవసరము. ఎఱుగనివాడు చెప్పినంత కూలి యిచ్చుకొనవలసినదే గదా!

స్టార్టరు వట్టి స్విచ్చి కాదు. పచ్చమీట నొక్కగనే లోపలి కాయిలునకు విద్యుత్తు ప్రవహించి, అది అయస్కాంతమై, మూడు ఫేజుల కాంటాక్టులను లాగి పట్టుకొనును. వీనినే రైతులు పాయింట్లందురు. వీనితోబాటు చిన్న పాయింటు మఱియొకటి కలిసికొని, మీటపైనుండి వ్రేలు తీసిన తరువాత కూడ కాయిలునకు విద్యుత్తు నందించుచుండును. కరెంటు పోయినపుడు కాయిలు శక్తి కోల్పోయి పాయింట్లను విడిచివేయును. అది మరల వచ్చినను మోటారు తనంతట తాను తిరుగదు. ఎఱ్ఱమీట నొక్కినపుడును, ఓవర్‌లోడు రిలే పనిచేసినపుడును జరుగునది యిదియే: కాయిలునకు పోవు సన్నని తీగదారి తెగును. స్టార్టరు లోపములలో పెక్కు లీ దారిలోనే యుండును.

ఈ కాయిలు సామాన్యముగా మూడు ఫేజులలో రెంటి నడుమ, అనగా 415 వోల్టులమీద, కలుపబడి యుండును. ఆ రెంటిలో నొకటి పోయినచో పచ్చమీట నెంత నొక్కినను చలన ముండదు. ఇది రైతునకు మేలే. కాయిలుతో సంబంధము లేని మూడవ ఫేజు పోయినచో మాత్రము స్టార్టరు యథావిధిగా పట్టుకొనును. మోటారు తిరుగక మూలుగును. అట్లు రెండు ఫేజులమీద కదలక నిలిచిన మోటారు తన నిర్ణీత కరెంటునకు నాలుగైదు రెట్లు లాగి, త్వరలోనే వైండింగును కాల్చుకొనును. తిరుగుచున్న మోటారునకు నడుమ ఫేజు పోయినచో అది వెంటనే నిలువదు గాని, తక్కిన రెండు తీగలలో కరెంటు సుమారు 1.7 రెట్లగును. మూలుగు వినబడిన తక్షణమే యెఱ్ఱమీట నొక్కవలయును. ‘ఒక నిమిషము చూతము’ అని నిలువరాదు.

సింగిల్ ఫేజు ప్రివెంటరును అమర్చుట యీ యాపద కొఱకే. వోల్టేజిని చూచి పనిచేయునవి కొన్ని, కరెంటును చూచి పనిచేయునవి కొన్ని గలవు. తిరుగుచున్న మోటారు పోయిన ఫేజులోనికి తానే కొంత వోల్టేజిని వెనుకకు పంపుచుండును గనుక మొదటి రకము మోసపోవుటకు వీలున్నది. కరెంటును చూచు రకమే మేలని మా యభిప్రాయము.

ఇక పరీక్షాక్రమము. మీట నొక్కినను ‘టక్’ మను చప్పుడైన లేనిచో, మూడు ఫేజులు వచ్చుచున్నవో లేవో మొదట చూడవలయును. ఇందుకు టెస్టరును నమ్మరాదు. లైనుమీద ఇతరుల మోటార్లు తిరుగుచున్నచో, పైన చెప్పినట్లు వెనుకకు వచ్చు వోల్టేజి వలన పోయిన ఫేజులో కూడ టెస్టరు వెలుగును. ఒకే వాటులుగల 230 వోల్టుల బల్బులు రెంటిని వరుసగా కలిపి చేసిన పరీక్షాదీపమును ఎఱుపు-పసుపు, పసుపు-నీలము, నీలము-ఎఱుపు తీగల నడుమ నుంచి చూచినచో, మూడు మారులును సమానముగా వెలుగవలయును. ఒక్క బల్బునే రెండు ఫేజుల నడుమ నుంచినచో అది పేలి కండ్లలో పడును. బోర్డుమీద వోల్టుమీటరున్నచో ఈ శ్రమ లేదు.

ఫేజులు సరిగా నున్నచో రిలేను చూడవలెను. వేడెక్కి తెగిన రిలే చల్లారుటకు కొన్ని నిమిషములు పట్టును. ఆ పిమ్మటనే దాని మీట నొక్కినచో నిలుచును. తరువాత ఎఱ్ఱమీట దుమ్ముచేతనో, తుప్పుచేతనో లోపలనే యిఱుకుకొని యున్నదేమో చూడవలయును. ఇది మిక్కిలి సామాన్యమైన లోపము, ఖర్చులేని లోపము. చిట్టచివర కాయిలు. కాలిన వాసన, నల్లబడిన చుట్టు ఉన్నచో వేఱు పరీక్ష యక్కఱలేదు.

మీట నొక్కియున్నంతసేపు తిరిగి, వ్రేలు తీయగనే యాగిపోవుచున్నచో లోపము పైన చెప్పిన చిన్న పాయింటులోనిది. దానిని శుభ్రపఱచిన చాలును. స్టార్టరు గరగర మ్రోగుచున్నచో అయస్కాంతపు మొగముల నడుమ చీమలు, దుమ్ము చేరియుండవచ్చును. లేదా వోల్టేజి తగ్గియుండవచ్చును. నిర్ణీత వోల్టేజిలో నూటికి 85 పాళ్లు, అనగా సుమారు 353 వోల్టులు, ఉన్నంతవరకు కాయిలు పట్టుకొనవలయును. అంతకు దిగినపుడు వదలుట దాని దోషము కాదు. ఇట్టి సమయమున పుల్లగుచ్చి పాయింట్లను కదలకుండ బిగించువారు కలరు. పుల్ల గుచ్చిన స్టార్టరునకు రిలే లేదు, ప్రివెంటరు లేదు, ఎఱ్ఱమీటయు లేదు. మనిషికి షాకు తగిలినపుడు ఆపుటకు సాధనమే లేకపోవును.

అన్నిటికంటె రైతును చిక్కుపఱచు లోపము, కొంతసేపు తిరిగి రిలే తెగుట. అట్టియెడ రిలే మరను త్రిప్పి యంకె నెక్కువచేయు మని సలహా యిచ్చువా రెల్లచోట్ల దొరకుదురు. అది కావలివాని కండ్లకు గంతలు కట్టుట వంటిది. రిలే యంకె మోటారు రేకుమీద ముద్రించిన కరెంటును మించరాదు. 5 అశ్వశక్తుల మోటారునకు అది సామాన్యముగా 8 ఆంపియరుల ప్రాంతమున నుండును.

రిలే యేల తెగుచున్నదో తెలియుటకు టాంగ్ టెస్టరుతో మూడు తీగల కరెంటును వేర్వేఱుగా కొలిపించవలయును. ఎఱుపున 7.5, పసుపున 7.5, నీలమున 9 ఆంపియరులు వచ్చినవనుకొందము. మొత్తము 24, సరాసరి 8. నీలము సరాసరికంటె 1 ఆంపియరు, అనగా నూటికి 12½ పాళ్లు హెచ్చు. నూటికి 5 పాళ్లకు మించిన భేదము బోరు మోటారునకు మంచిది కాదు. వోల్టేజిలో నూటికొక పాలు భేదమున్నచో కరెంటులో దానికి ఆరు మొదలు పది రెట్లు భేదము కలుగుననుట తెలిసియున్న, ఈ లెక్క యెంత సున్నితమైనదో బోధపడును.

ఈ హెచ్చు లైనుదా, మోటారుదా? దీనిని తేల్చు ఉపాయ మొకటి గలదు. మెయిన్ దించి, స్టార్టరునుండి మోటారునకు పోవు మూడు తీగలను ఒక్కొక్క స్థానము ప్రక్కకు జరుపవలయును: ఎఱుపున నున్నది పసుపునకు, పసుపున నున్నది నీలమునకు, నీలమున నున్నది ఎఱుపునకు. మూడింటిని నొకే వరుసలో జరిపినచో మోటారు తిరుగు దిశ మాఱదు. రెంటిని మాత్రమే మార్చినచో వెనుకకు తిరుగును. మరల కొలిచినపుడు 9 ఆంపియరులు నీలమునందే నిలిచియున్నచో లోపము లైనులో, ట్రాన్స్‌ఫార్మరులో, లేక స్టార్టరు పాయింటులో నున్నది. ఆ 9 తీగతోబాటు ఎఱుపునకు పోయినచో లోపము మోటారులోనో, నీటిలోని కేబులు అతుకులోనో యున్నది. అప్పుడు మాత్రమే పైపులు తీయుటకు పూనుకొనవలయును. అర్ధగంట పనియైన యీ పరీక్షను చేయకయే మోటార్లను పైకి లాగుట మన గ్రామములలో ఆచారమైపోయినది.

మూడు తీగలును సమానముగానే హెచ్చినచో వోల్టేజి తక్కువైనదనియో, పంపులో ఇసుక చేరి బిగిసినదనియో యూహింపవలయును. లైను మరమ్మతు జరిగిన మఱునాడు నీరు తగ్గినచో, మోటారు వెనుకకు తిరుగుచున్నదేమో చూడవలెను. ఏ రెండు తీగలు మార్చినను సరిపడును.

కరెంటు మిక్కిలి తగ్గుట కూడ శుభము కాదు. బోరులో నీరడుగంటినపుడు పంపు గాలి త్రాగును. పని తగ్గుటచే ఆంపియరులు పడిపోవును. మోటారును చల్లపఱచునది చుట్టును ప్రవహించు నీరే గనుక, ఆ నీరు లేక తిరుగు మోటారు వేడెక్కి చెడును. డ్రైరన్ ప్రివెంటరు ఆంపియరుల పతనమును గుర్తించి మోటారు నాపును. వైశాఖమాసమున అది మాటిమాటికి ఆపుచున్నదని తీగ మార్చి దానిని తప్పించు రైతు, బోరు చెప్పుచున్న మాటను వినుటలేదు. నీరూరుటకు వ్యవధి యిచ్చి, గంటకొకసారి కొంతసేపు నడుపుకొనుటయే యుక్తము.

ఆటోస్టార్టరును గూర్చి కూడ చెప్పవలసియున్నది. రాత్రివేళ ఎప్పుడు వచ్చునో తెలియని కరెంటు కొఱకు పురుగుపుట్రలలో పొలము పోలేక రైతు దాని నాశ్రయించెను. అతని నిందించుట న్యాయము కాదు. తెలంగాణములో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమైనపుడు, భూగర్భజలములు వ్యర్థము కాకుండుటకై ఆటోస్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరెను. ట్రాన్స్‌ఫార్మరు దృష్టితో చూచినను ఆ మాట తగియున్నది. 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు మూడు ఫేజులలో ఒక్కొక్కదానికి సుమారు 34 ఆంపియరులు ఇయ్యగలదు. దానిక్రింద 5 అశ్వశక్తుల మోటార్లు నాలుగు నడచుచున్నచో 32 ఆంపియరులు; సరిపోవును. కాని నేరుగా స్టార్టగు మోటారు ఆ క్షణమున ఆరురెట్ల వఱకు లాగును. నాలుగును ఆటోమీద నొక్కసారి లేచినచో 190 ఆంపియరులు దాటును. ఫ్యూజు పోవుటయో, వోల్టేజి పడిపోయి యే మోటారును లేవకుండుటయో తప్పదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది సభ్యులు వరుస యేర్పఱచుకొని, రెండేసి నిమిషముల యెడముతో స్టార్టు చేసికొనవలయును. ఆటో తప్పనిసరియైనచో ఒక్కొక్కరు వేర్వేఱు ఆలస్యము గల టైమరును పెట్టించుకొనవలెను.

ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయినచో దానిని వేయుటకు రైతు దిమ్మెయెక్కరాదు. స్విచ్చి దించితిమనుకొన్నను ఒక కత్తి తెగక నిలిచియుండవచ్చును. లైన్‌మనునకు గాని, 1912 అను ఫోను నంబరునకు గాని తెలుపవలయును. స్టార్టరు డబ్బాకును ఎర్తు తప్పక యుండవలెను. ఎర్తు గోతిలో వేసవియందు నీరు పోయుచుండవలెను.

టాంగ్ టెస్టరు ప్రతిరైతునకు నక్కఱలేదు. సంఘమున కొకటి యుండి, వంతులవారీగా సభ్యుల బోర్లకు తిరిగిన చాలును. క్రొత్త మోటారు దింపిన దినముననే మూడు ఫేజుల వోల్టులు, మూడు తీగల ఆంపియరులు, రిలే యంకె, బోరులో నీటి లోతు, తేదీ డబ్బా మూతకు లోపలిప్రక్కను రంగుతో వ్రాయించవలయును. తొలకరికి ముం దొకసారియు, దాళ్వా నాట్లకు ముం దొకసారియు కొలిచి, ఆ యంకెల క్రిందనే వ్రాయించుచుండవలెను.