టైరు చెప్పే కబురు చేతికి అందాలంటే

2011లో పోర్షే 911 కారు 991 తరం వచ్చినప్పుడు కారు ప్రియుల మధ్య పెద్ద వాదన నడిచింది, స్టీరింగ్ మీద. అప్పటిదాకా ఆయిల్ ఒత్తిడితో పనిచేసిన హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ పోయి, ఆ స్థానంలోకి ఎలక్ట్రిక్ మోటారు వచ్చింది. తిప్పడానికి హాయిగానే ఉంది గానీ రోడ్డు చేతికి తెలియడం లేదన్నారు చాలామంది. అందులో పాతదాని మీద మమకారం కొంత ఉందనుకున్నా, భౌతికశాస్త్రమూ ఉంది.

కారు మలుపు తిరిగేటప్పుడు రోడ్డును తాకేచోట టైరు రబ్బరు పక్కకు సాగుతుంది. ఆ సాగుడు వెనకభాగంలో ఎక్కువ. అందువల్ల రోడ్డు పక్కకు తోసే బలం టైరుకు నడిమధ్యన కాక కాస్త వెనగ్గా పనిచేసి, చక్రాన్ని మళ్లీ తిన్నగా తిప్పాలని చూస్తుంది. స్టీరింగ్ చేతికి బరువుగా తగిలేది చాలావరకు దీనివల్లే. పట్టు తప్పబోయే ముందు టైరు వెనకభాగం జారడం మొదలై, ఆ బలం మధ్యకు జరుగుతుంది. స్టీరింగ్ తేలికపడుతుంది. కారు ఇంకా అదుపులోనే ఉంది, హెచ్చరిక మాత్రం ముందే అందింది. వేగంగా నడిపేవాళ్లకు ఇంతకన్నా విలువైన కబురు లేదు.

హైడ్రాలిక్ పద్ధతిలో ఇంజిన్ బెల్టు తిప్పే పంపు ఆయిల్‌ను తోస్తుంది. స్టీరింగ్‌లోని టార్షన్ బార్ అనే సన్నటి కడ్డీ మెలిపడిన కొద్దీ వాల్వు తెరుచుకుని, ఆ ఒత్తిడి చక్రాలను తిప్పడానికి సాయపడుతుంది. ఎలక్ట్రిక్‌లో ఆ మెలిని సెన్సర్ కొలుస్తుంది, కంప్యూటర్ లెక్కగట్టి మోటారుకు కరెంటు పంపుతుంది. చిక్కంతా మోటారు దగ్గరే. చిన్న మోటారుతో పెద్ద బలం రాబట్టాలంటే గేర్లు తప్పవు. స్టీరింగ్ కన్నా 20 రెట్లు వేగంగా మోటారు తిరిగేలా అమర్చారనుకోండి, దాని జడత్వం స్టీరింగ్ దగ్గర 20 రెట్లు కాదు, 400 రెట్లవుతుంది. గేర్ల రాపిడి దీనికి తోడు. రోడ్డు నుంచి వచ్చే సన్నని అదురు చాలావరకు అక్కడే అణగిపోతుంది.

అయినా కంపెనీలు మారాయి. హైడ్రాలిక్ పంపు తిన్నని రోడ్డు మీద కూడా ఇంజిన్ శక్తిని తింటూనే ఉంటుంది, మోటారు అవసరమైనప్పుడే పనిచేస్తుంది. ఫెరారీ సైతం 2017లో 812 సూపర్‌ఫాస్ట్‌తో ఆ దారి పట్టింది. మెక్‌లారెన్ మాత్రం ఆర్టురా కారులోనూ ఆయిల్‌ను వదల్లేదు.

మోటారునే దోషిగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. దాన్ని స్టీరింగ్ నుంచి కిందికి దిగే కడ్డీ (కాలమ్) మీద కాక, చక్రాలను పక్కకు తిప్పే ర్యాక్‌కు నేరుగా బిగిస్తే కబురు మెరుగ్గా అందుతుంది. మోటారు జడత్వాన్ని లెక్కగట్టి, ఆ భారాన్ని అదనపు కరెంటుతో తగ్గించవచ్చు కూడా. అయితే ఏ అదురు టైరు హెచ్చరిక, ఏది ఊరికే గుంత కుదుపు అన్నది ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీరు ముందుగానే తేల్చుకోవాలి.