గోడలు లేని కార్యాలయము

ఉప్పలగుప్తము కోనసీమయందలి యొక గ్రామము. గోదావరి పాయలకును సముద్రమునకును నడుమ, కొబ్బరితోటల నీడలో నున్నది. అచ్చట కొబ్బరి దింపు జరుగునాడు తోటకు పోయి చూడుడు. ఒకడు చెట్టెక్కి గెలలు కోయును. వేరొకడు రాలిన కాయల నేరి రాశి పోయును. మరియొకడు గునపముపై కాయను గ్రుచ్చి డొక్క నొలుచును. లెక్క చూచువాడు ప్రక్కనే నిలుచుండును. క్రొత్తగా వచ్చిన కుర్రవాడు, ఎవరును పాఠము చెప్పకయే, ప్రక్కవాని చేతివాటమును చూచి పని నేర్చుకొనును. ఇచ్చట పనిచోటు వేరు, పనివారి కూటమి వేరు కాదు.

అయితే వేలమంది యొకే కప్పు క్రింద, కంప్యూటరుల యెదుట కూర్చుండి పని చేయుచోట ఇట్టి కూటమి ఏర్పడునా? గొప్ప భవనము దానిని కల్పింపగలదా? ఈ ప్రశ్న పెద్ద సంస్థలకు నూరేండ్లనాటిది.

1906లో అమెరికాయందలి బఫెలో నగరమున లార్కిన్ అను వర్తక సంస్థకు ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను శిల్పి యొక కార్యాలయమును నిర్మించెను. భవనము నడుమ ఎత్తైన పెద్ద చావడి కలదు. పైనుండి వెలుతురు ప్రసరించుచుండగా గుమాస్తాలు వరుసలు తీరి కూర్చుండెడివారు. 1960 దశాబ్దిలో రాబర్టు ప్రాప్‌స్ట్ అనునతడు, ఉద్యోగి తన యవసరమును బట్టి అటునిటు జరుపుకొనదగిన తేలిక తడకలను రూపొందించెను. ఉద్యోగికి స్వేచ్ఛ నిచ్చుట అతని యుద్దేశము. కాని సంస్థలు ఆ తడకలతోనే స్థలమును పొదుపు చేయ నెంచి, ఇరుకైన గూళ్లను వరుసగా పేర్చినవి. దానిని చూచి అతడే నొచ్చుకొనెను. పిమ్మట ఆ తడకలను కూడ తీసివేసిన విశాల మందిరములు వాడుకలోనికి వచ్చినవి.

ఈ మార్పు తెలుగునాట హైదరాబాదులో స్పష్టముగా కానవచ్చును. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూరులో సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. తరువాత ప్రపంచమందలి పెక్కు సంస్థలు ఆ ప్రాంతమునకు వచ్చినవి. 2019 ఆగస్టులో అమెజాన్ సంస్థ నానక్‌రామ్‌గూడలో 9.5 ఎకరముల స్థలమున నొక ప్రాంగణమును తెరచినది. అందు 18 లక్షల చదరపుటడుగుల కార్యాలయ స్థలము కలదు. 15,000 మందికి పైగా ఉద్యోగులు పని చేయుటకు వీలుగా దానిని కట్టిరి.

ఇంత పెద్ద చోట ఏర్పాటు లెట్లుండునో గమనింపుడు. మందిరము తెరపిగా నున్నచో సందడి హెచ్చును. కావున ఏకాంతముగా మాటలాడుటకు గదులు కావలెను. ఇచ్చట రాత్రియైనపుడు అమెరికాలో పగలు. అందుచే భోజనశాల రేయింబవళ్లు తెరచియుండవలెను. పసిబిడ్డల తల్లులకు గది, ప్రార్థనకు గది, నిశ్శబ్దముగా కూర్చుండుటకు గది కావలెను. ఒక చిన్న యూరికి కావలసిన వసతులన్నియు ఒక భవనమునకు కావలసివచ్చినవి.

ఈ సంస్థయే 1995లో సియాటిల్ నగరమున చిన్న దుకాణముగా నుండగా, దాని స్థాపకుడు జెఫ్ బెజోస్ తలుపు చెక్కలకు కాళ్లు బిగించి వ్రాతబల్లలుగా వాడెను. బల్లల కంటె తలుపులు చవుకగా లభించుటయే కారణము.

గోడలు తీసివేసినంతనే మనుష్యులు దగ్గరగుదురా? అమెరికాలో ఇద్దరు పరిశోధకులు రెండు పెద్ద సంస్థలలో దీనిని పరీక్షించి 2018లో ఫలితమును ప్రకటించిరి. ఉద్యోగుల మెడలో చిన్న పరికరములను వ్రేలాడదీసి, ఎవరెవరితో ఎంతసేపు ముఖాముఖి మాటలాడిరో కొలిచిరి. తెరపి మందిరమునకు మారిన తరువాత అట్టి సంభాషణ సుమారు 70 శాతము తగ్గెను. అందరి కన్నులు తమపై నున్నవని తోచినపుడు, మనిషి తలవంచుకొని తన పనిలో దాగుకొనును. ప్రక్కవానికి సయితము కంప్యూటరుపైననే జాబు వ్రాయును.

2020 మార్చిలో కరోనా వ్యాధి వలన ఈ భవనములన్నియు ఖాళీయైనవి. నగరములకు పోయిన యువకులు పెక్కురు స్వగ్రామములకు మరలివచ్చి, ఇంటి వసారాలలో కూర్చుండి పని చేసిరి. తల్లిదండ్రుల చెంత నుండు భాగ్యము లభించెను. ప్రయాణపు బడలిక తప్పెను. పనియు ఆగలేదు. అయినను ఒక కొరత మిగిలెను. అనుభవజ్ఞులకు పని తెలియును. అప్పుడే చేరిన వానికి అడిగి తెలిసికొనుటకు ప్రక్కన మనిషి లేడు. తోటలోని కుర్రవానివలె చూచి నేర్చు అవకాశము పోయెను. కొన్ని సంస్థలు మరల కార్యాలయమునకు రమ్మనుటకు ఇదియు నొక కారణము. అమెజాన్ 2025 జనవరి నుండి వారమునకు ఐదు దినములు రావలెనని నిర్ణయించెను.

మరియొక సత్యమును మరువరాదు. 2023 జనవరిలో ఆ సంస్థయే వివిధ దేశములలో 18,000కు పైగా ఉద్యోగములను తీసివేయుచున్నట్లు ప్రకటించెను. చక్కని భోజనశాలయు, మెత్తని యాసనములును ఉద్యోగమునకు పూచీ కావు. అట్టి దినములలో ఆదుకొనునది భవనము కాదు; వేరొకచోట ఖాళీ యున్నదని చెప్పు మిత్రుడు, ధైర్యము చెప్పు తోడి యుద్యోగి.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు అట్టి మందిరములలో పని చేయుదురు. అచ్చట మొదటి దినమున మీకు కుర్చీని, కంప్యూటరును ఎవరో చూపుదురు. స్నేహమును ఎవరును చూపలేరు. దానిని మీరే సంపాదించుకొనవలెను. మీ తరువాత బెదరుచు వచ్చి కూర్చుండు క్రొత్తవానిని ముందుగా పలుకరింపుడు. ఉప్పలగుప్తపు తోటలో గోడలు లేవు. అయినను అచ్చట పనివారిని కలిపినది గోడలు లేకపోవుట కాదు, ఒకరి పని నొకరు తమదిగా చూచుకొనుట.