విండోస్ తీసేయకుండానే లినక్స్

డిప్లొమా, ఇంజనీరింగ్ చదువుల్లో చేరిన పిల్లలు మమ్మల్ని తరచు అడిగే మాట, "లినక్స్ కావాలి సార్" అని. ఆ మాట వినగానే ఇంట్లో పెద్దలకు గుబులు: విండోస్ తీసేయాలేమో, దుకాణం లెక్కలన్నీ పోతాయేమో! డిస్కును రెండు భాగాలు చేసి లినక్స్ ఎక్కించే పద్ధతిలో ఆ భయానికి అర్థం ఉంది. ఇప్పుడు అంత అవసరం లేదు.

విండోస్ లోపలే లినక్స్ నడిచే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చింది. దాన్ని పొట్టిగా డబ్ల్యూఎస్ఎల్ అంటారు. ఉన్న ఇంట్లోనే ఒక గదిని వేరు కాపురానికి ఇచ్చినట్టన్నమాట. విండోస్ 11లోనూ, విండోస్ 10లో 2004 వెర్షన్ నుంచీ దీన్ని పెట్టుకోవడం తేలిక. స్టార్ట్ మెనూలో పవర్‌షెల్‌ను వెతికి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో డబ్ల్యూఎస్ఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి, వాటికి ఆనించి ఇన్‌స్టాల్ అని రాసి ఎంటర్ నొక్కాలి. ఉబుంటు అనే లినక్స్ నెట్ నుంచి దిగుతుంది. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి తెరిస్తే కొత్త పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద ఏమీ కనబడదు. కీబోర్డు పాడైందని కంగారు పడకండి, లినక్స్ తీరే అంత. వర్చువలైజేషన్ లేదన్న సందేశం వస్తే బయోస్‌లో దాన్ని ఆన్ చేయాలి. తెలిసినవారి చేత చేయించుకుంటే మేలు.

అయితే ఆ గదికి తలుపు ఉంది. విండోస్ సీ డ్రైవ్ లినక్స్‌లోంచి కనబడుతుంది. అక్కడ తెలియక కొట్టిన తొలగింపు ఆజ్ఞకు దుకాణం ఫైళ్లూ పోవచ్చు, రీసైకిల్ బిన్‌లోకి కూడా రావు. అందుకే ముందు లెక్కలను పెన్ డ్రైవ్‌లోకి తీసి బీరువాలో పెట్టుకోండి. పిల్లలు తమ పాఠాలను లినక్స్ లోపలి సొంత ఫోల్డర్‌లో ఉంచుకోవాలి. పని కూడా అక్కడే వేగంగా సాగుతుంది.

ఇక దాతలకు ఒక మాట. ఈ ఏర్పాటు మామూలుగా కంప్యూటర్ ర్యామ్‌లో సగం దాకా వాడుకోగలదు. 4 జీబీ ఉన్నదాంట్లో రెండూ నత్తనడకే. 8 జీబీ ఉంటే పాఠాలకు సరిపోతుంది. కొత్త కంప్యూటర్ కొనివ్వలేకపోతున్నామని వెనకాడేవారు పాతదానికి ర్యామ్ వేయించి ఇచ్చినా ఒక విద్యార్థి చదువు సాగుతుంది. ఉద్యోగం చేసేచోట ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం అక్కడి కంప్యూటర్ విభాగాన్ని అడగకుండా పిల్లల చేత ఇది పెట్టించవద్దు.